ఉబ్బసము: ఎట్లు వచ్చును, ఎట్లు అదుపులో నుండును

వరంగల్లు, భువనగిరి వైపు నుండి బస్సులో వచ్చు వారికి హైదరాబాదు నగరము ఉప్పలు కూడలి వద్దనే ప్రారంభమగును. ఉప్పలు, నాచారము ఒకప్పుడు నగరమునకు వెలుపలనున్న పల్లెలు. గత శతాబ్దపు ఉత్తరార్ధమున ఇచట పారిశ్రామిక వాడలు వెలసినవి. వాటి వెంట మల్లాపురము, చర్లపల్లి కూడ కర్మాగారములతో నిండినవి. ఉప్పలు పురపాలక సంఘము 2007లో మహానగర పాలక సంస్థలో విలీనమైనది. 2017లో మెట్రో రైలు వచ్చినది. నల్లగొండ, జనగామ, యాదాద్రి ప్రాంతముల గ్రామముల నుండి ఎందరో యువకులు, యువతులు పనులకై ఈ వాడలకు వచ్చి అచ్చటనే గదులు అద్దెకు తీసికొని కాపురముండుచున్నారు.

ఇట్లు వచ్చిన వారిలో కొందరికి రెండు మూడేండ్లు గడచునప్పటికి రాత్రివేళ దగ్గు పట్టుకొనును. తెల్లవారుజామున లేచి కూర్చుండి ఊపిరి కొరకు పెనగులాడుదురు. దసరాకు స్వగ్రామము వచ్చి పది దినములుండగా అది తగ్గును. మరల పనిలో చేరిన వారము లోపల తిరుగబెట్టును. ఇంటి పెద్దలు "పట్నము నీళ్లు పడలేదు" అని సరిపెట్టుకొందురు. పడనిది నీరు కాదు, గాలి అయి యుండవచ్చును. దీనిని సకాలమున గుర్తించినచో ఆ మనిషి పని చేసికొని, పిల్లలను పెంచుకొని, నూరేండ్లు బ్రతుకవచ్చును. గుర్తింపనిచో ఒకనాటి రాత్రి ఆసుపత్రి చేరులోపలనే ప్రాణము పోవచ్చును. ఈ రెంటికి నడుమ నున్న వ్యత్యాసము పెద్ద ఖర్చుతో కూడినది కాదు గనుకనే ఈ విషయమును గూర్చి కొంత వివరముగా వ్రాయుచున్నాము.

మన పల్లెలలో దీనిని ఉబ్బసము, ఆయాసము, దమ్ము అని పలు పేర్లతో పిలుతురు. హైదరాబాదులో ఉర్దూ మాటాడువారు దమా అందురు. ఆయుర్వేదము తమకశ్వాస యని పేర్కొన్నది. పేరు ఏదైనను లోపల జరుగునది ఒక్కటే. మన గొంతు నుండి దిగు గాలిగొట్టము రెండుగా చీలి, ఆ రెండును మరల చీలి, తలక్రిందుగా నిలిపిన చెట్టు కొమ్మలవలె ఊపిరితిత్తులంతట వ్యాపించి యున్నది. ఈ నాళముల లోపొర ఉబ్బస రోగికి ఎల్లప్పుడును కొంచెము వాచి, ఎఱ్ఱబారి యుండును. ఆయాసము లేని దినములలో కూడ ఆ వాపు ఉండునన్నమాట గట్టిగా జ్ఞాపకముంచుకొనవలెను; ఈ వ్యాధిని గూర్చిన పొరపాట్లన్నియు ఈ ఒక్క సంగతి తెలియకపోవుటవలననే పుట్టుచున్నవి. అట్టి వాచిన నాళములోనికి దుమ్మో, పొగయో, పుప్పొడియో, చలిగాలియో ప్రవేశింపగానే మూడు పనులు ఒక్కసారిగా జరుగును. నాళము చుట్టు నున్న కండరము బిగుసుకొనును. లోపొర మరింత ఉబ్బును. జిగురైన తెమడ ఊరి ఉన్న సందును మూసివేయును. పూడిక పట్టిన పంటబోదెకు గట్లు కూడ కూలినచో నీరు పారునా? గాలియు అంతే. లోనికి పీల్చుట కంటె బయటకు విడుచుట కష్టమగును. ఇరుకు సందులో నుండి గాలి వెడలునపుడు పిల్లికూత వినవచ్చును.

ఇది అంటువ్యాధి కాదు. తల్లిదండ్రులకున్నచో బిడ్డలకు వచ్చు అవకాశము హెచ్చు. కాని తప్పక వచ్చునని లేదు. చిన్నతనమున వచ్చి యౌవనమున తగ్గిపోయిన వారును, నలుబదవ యేట తొలిసారి వచ్చిన వారును కలరు. ఆయాసమెల్ల ఉబ్బసము కాదని కూడ చెప్పవలసియున్నది. ఏండ్ల తరబడి చుట్ట, బీడీ త్రాగిన వారికిని, కట్టెపొయ్యి ముందు జీవితము గడపిన స్త్రీలకును వచ్చు దీర్ఘకాలపు ఆయాసము వేరొక జబ్బు. అది వచ్చి పోవునది కాదు, నానాటికి పెరుగునది. రెండు వారములకు మించి దగ్గు నిలిచినచో క్షయ కొరకు తెమడ పరీక్ష చేయించుకొనుట విధిగా జరుగవలెను. గుండె జబ్బు వలన కూడ రాత్రి ఆయాసము రావచ్చును. కనుక ఊరిలోని వారు చెప్పిన పేరుతో తృప్తిపడక వైద్యుని చేత నిర్ధారణ చేయించుకొనవలెను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము 2019లో భూమిమీద 26 కోట్ల 20 లక్షల మందికి ఈ వ్యాధి యున్నది; ఆ సంవత్సరమున 4 లక్షల 55 వేల మంది దీని వలన మరణించిరి. మన దేశములోని రోగుల సంఖ్య సుమారు 3 కోట్ల 40 లక్షలని అదే కాలపు అంచనా. అనగా లోకములోని రోగులలో ఎనిమిదవ వంతు మనవారు. కాని మరణములలో మన వంతు ఐదింట రెండు. రోగులలో ఎనిమిదవ వంతు మాత్రమే యున్న దేశము మరణములలో ఇంత పెద్ద వాటా మోయుచున్నదన్నచో, మన వ్యాధి ఇతరుల వ్యాధి కంటె క్రూరమైనదని కాదు. తగిన మందు ఉండియు మనము దానిని వాడకుండుటయే ప్రధాన కారణము.

ఉప్పలులో గాలిలోని ధూళిని కొలుచుటకు రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి వారి కేంద్రము కలదు. ఇందు ముఖ్యముగా కొలుచునది అతి సన్నని ధూళి. తలవెంట్రుక మందములో ఇరువదవ, ముప్పదవ వంతు ఉండి, ముక్కులోని వెంట్రుకలకు చిక్కక ఊపిరితిత్తుల లోతుకు దిగునట్టిది. ఘనపు మీటరు గాలిలో సంవత్సరపు సగటున ఇది 40 మైక్రోగ్రాములకు మించరాదని మన దేశపు ప్రమాణము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దానిని 5కు తగ్గించినది. జాతీయ ప్రమాణములను అందుకొనలేని నగరముల జాబితాలో, 2019లో కేంద్రప్రభుత్వము ఆరంభించిన శుద్ధవాయు కార్యక్రమమునందు, హైదరాబాదు కూడ చేరినది. ఉప్పలు కూడలి వద్ద లారీల రద్దీయు, 2018లో మొదలై ఏండ్ల తరబడి సాగిన ఉప్పలు నారపల్లి వంతెన పనుల దుమ్మును ఆ దారిన పోవు వారందరును ఎరిగినవే. చలికాలమున తెల్లవారుజామున చల్లని గాలి నేలను అంటి నిలిచిపోవుట వలన పొగ పైకి లేవక అచటనే తారాడును. కనుక ఉబ్బస రోగులు కార్తీక మార్గశిర మాసములలో వేకువ నడకకు బదులు, ఎండ పొడవచ్చిన పిమ్మట నడచుట మేలు.

అయితే బయటి గాలి మన చేతిలో లేదు. ఇంటి గాలి చాలవరకు మన చేతిలోనిదే. ఒక గది అద్దె ఇంటిలో వంట, పడక, పూజ అన్నియు అందులోనే. పోపు ఘాటు, ఎండుమిరపకాయల పొగ, సాంబ్రాణి, అగరవత్తులు, దోమల చుట్ట, పక్కగదిలో బీడీ, వీధి చివర చెత్తకు పెట్టిన నిప్పు: ఇవన్నియు ఒకే ఊపిరితిత్తులలోనికి పోవలసినవే. తలుపులు మూసి దోమల చుట్ట వెలిగించి నిద్రించుట పలువురకు అలవాటు. దోమతెర కట్టుకొనుట దానికంటె ఎంతో మేలు. బిడ్డకు ఉబ్బసమున్న ఇంటిలో తండ్రి "నేను వాకిట నిలిచి త్రాగుదును గదా" యని బీడీని సమర్థించుకొనును; చొక్కాకు, మీసమునకు అంటిన పొగ లోనికి రాకమానదు.

కంటికి కనబడని శత్రువు మరియొకటి కలదు. పరుపులలో, దిండ్లలో, పాత బొంతలలో దుమ్ముపురుగులనెడి అతి సూక్ష్మజీవులుండును. అవి మన చర్మము నుండి రాలు పొట్టును తిని బ్రతుకును. వాటి విసర్జనము గాలిలో కలసి నాళములను రేపును. దుప్పట్లను, గలేబులను వారమునకొకసారి బాగుగా వేడినీటిలో ఉతికి ఎండలో ఆరవేయుట దీనికి మందు. చీపురుతో ఊడ్చినచో నేలమీది దుమ్ము గాలిలోనికెక్కును. తడిగుడ్డతో తుడుచుట యుత్తమము. ఊడ్వక తప్పనపుడు రోగి ఆ పని చేయరాదు. గోడలకు చెమ్మ పట్టి నల్లని బూజు పెరుగు గదులు, బొద్దింకలు తిరుగు వంటిళ్లు కూడ ఉబ్బసమును పెంచునవే. ఖాళీ స్థలములలో దట్టముగా పెరుగు వయ్యారిభామ, చెరువుగట్ల వెంట సర్కారు తుమ్మ పూతకు వచ్చినపుడు వాటి పుప్పొడి కొందరికి పడదు. ఎవరికి ఏది పడదో వారే కనిపెట్టవలెను. ఒక చిన్న పుస్తకమున ఆయాసము వచ్చిన దినము, వేళ, అంతకు ముందు చేసిన పని వ్రాసికొనుచు పోయినచో రెండు నెలలలో సంగతి తేటపడును. ఇట్లు పరీక్షింపకయే పెరుగు, అరటిపండు, జామపండు, నిమ్మ అన్నియు మానిపించి బిడ్డను నీరసింపజేయుట మాత్రము తగదు.

ఇక మందుల సంగతి. ఉబ్బసమునకు పీల్చు మందులు రెండు రకములు. ఒకటి తక్షణ ఉపశమనమిచ్చునది. సాల్‌బ్యుటమాల్ అను ఈ మందు 1969లో వాడుకలోనికి వచ్చినది. బిగిసిన కండరమును కొన్ని నిమిషములలో సడలించును. రెండవది వాపును తగ్గించునది. బెక్లోమెథసోన్, బ్యుడెసొనైడ్ మున్నగు స్టిరాయిడ్లు ఈ జాతివి. ఇది వెంటనే సుఖమీయదు. దినదినము పీల్చుచుండగా కొన్ని వారములకు నాళము చల్లబడి, దుమ్ము తగిలినను అంతగా రేగకుండును. రోగులలో పెక్కుమంది మొదటిదానిని ఆప్తమిత్రునివలె జేబులో ఉంచుకొని, రెండవదానిని "ఫలితము కనబడలేదు" అని పారవేయుచున్నారు. ఇది ఇల్లు కాలుచుండగా పొగను మాత్రము విసనకఱ్ఱతో విసరుకొనుట వంటిది. కండరము సడలినందున హాయిగానుండును. లోపలి వాపు పెరుగుచునే యుండును. ఇట్టి వారికే ఒకనాడు ప్రాణాంతకమైన ఆయాసము వచ్చును. సంవత్సరములో మూడు, అంతకు మించి సాల్‌బ్యుటమాల్ డబ్బాలు ఖర్చగుచున్నవన్నచో వ్యాధి అదుపు తప్పినదని అర్థము. ఈ కారణము వలననే అంతర్జాతీయ ఉబ్బస నిపుణుల సంఘము 2019లో తన సలహాను మార్చి, పెద్దలకును, యుక్తవయస్కులకును సాల్‌బ్యుటమాల్ ఒక్కదానితో చికిత్స చేయరాదని, ప్రతి రోగికిని పీల్చు స్టిరాయిడ్ చేరియే తీరవలెనని చెప్పినది. నేడు బ్యుడెసొనైడ్, ఫార్మొటెరాల్ కలిపిన ఒకే పరికరమును రెండు పనులకును వాడు పద్ధతి వచ్చినది. ఏది, ఎంత అన్నది వైద్యుడు నిర్ణయించును.

స్టిరాయిడ్ అన్న మాట వినగానే జనులు భయపడుదురు. ఈ భయము నిష్కారణమైనది కాదు. మాత్రల రూపమున నెలల తరబడి మ్రింగినచో ముఖము ఉబ్బుట, ఎముకలు పెళుసగుట, మధుమేహము కలుగుట నిజమే. ఊరూరా తిరుగు కొందరు "నాటుమందు" అమ్మువారు పొడులలో ఇట్టి మాత్రలను నూరి కలుపుట కూడ వైద్యులు ఎరిగిన విషయమే. రెండు దినములలో అద్భుతముగా నయమైనదన్న పొడిని అనుమానింపవలెను. కాని పీల్చు మందులో ఒక్క పీల్పునకు వచ్చునది 100 లేక 200 మైక్రోగ్రాములు. సాధారణమైన చిన్న స్టిరాయిడ్ మాత్ర ఒక్కటి 5,000 మైక్రోగ్రాములు. పీల్చు మందు నేరుగా నాళమునకే పోవును గనుక ఇంత స్వల్పము చాలును. పీల్చిన పిదప నోరు పుక్కిలించి ఉమిసినచో నోటిపూత రాదు. "ఒకసారి మొదలిడిన జీవితాంతము అలవాటగును" అనునది మరియొక అపోహ. కంటి అద్దములు అలవాటగుట యెట్టిదో ఇదియు అట్టిదే, అవసరమున్నంతవరకే అవసరము. గర్భిణులు కూడ భయముచే మానరాదు. తల్లికి ఊపిరి అందనిచో బిడ్డకును అందదు.

పరికరమును సరిగా వాడనిచో మందు గొంతులోనే నిలిచిపోవును. నొక్కు డబ్బాను ముందు కదిలించి, మూత తీసి, ఊపిరి నెమ్మదిగా విడిచి, పెదవులు బిగించి, పీల్చుట మొదలిడిన క్షణముననే నొక్కి, మెల్లగా లోతుగా పీల్చి, పది లెక్కించువరకు బిగబట్టవలెను. గొట్టపు బిళ్లలోని పొడిని పీల్చు రోటాహేలరుకు మాత్రము వేగముగా గట్టిగా పీల్చవలెను. ఈ రెండును తారుమారు చేయువారు కొల్లలు. పిల్లలకు, ముసలివారికి నొక్కుటయు పీల్చుటయు ఒకేసారి కుదరదు; వారికి నడుమ స్పేసరు అను గుల్లగొట్టమును అమర్చవలెను. అది దొరకనిచో అరలీటరు ఖాళీ ప్లాస్టిక్ సీసా అడుగున డబ్బా మూతికి సరిపోవు రంధ్రము చేసి వాడవచ్చునని, కొన్నదానితో సమానముగా పనిచేయునని దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ వైద్యులు 1999లో పరీక్షించి చూపిరి. ఇట్టి శోధన మనవారికి ఎంతయు పనికివచ్చునది.

హైదరాబాదు పేరు చెప్పగానే ఉబ్బస రోగులకు చేపమందు స్ఫురించును. ప్రతి సంవత్సరము మృగశిర కార్తె ప్రవేశించునాడు నాంపల్లి ప్రదర్శన మైదానమున బత్తిని కుటుంబము వారు చిన్న కొరమీను నోట పసుపుపచ్చని ముద్దనుంచి రోగిచే బ్రతికియుండగనే మ్రింగింతురు. దేశము నలుమూలల నుండి జనము వచ్చెదరు. 2020 మొదలు 2022 వరకు కోవిడ్ కారణముగా ఆగిన ఈ కార్యము 2023లో మరల జరిగినది. వారు రుసుము పుచ్చుకొనరు, సేవగా చేయుచున్నామందురు. ఆ భావమును మేము కించపరచము. కాని మ్రింగిన చేప పోవునది అన్నకోశములోనికి. వాపు ఉన్నది గాలినాళములో. ఆ ముద్దకు ఉబ్బసమును నయము చేయు గుణమున్నదని శాస్త్రీయ పరీక్షలో నిరూపణ కాలేదు. మరి కొందరికి తగ్గినదే యని అడుగవచ్చును. ఉబ్బసము స్వభావము చేతనే హెచ్చుచు తగ్గుచు ఉండునది. మృగశిరతో వానలు మొదలై వేసవి దుమ్ము అణగును. పిల్లలలో పెక్కుమందికి ఈడు వచ్చుకొలది తానే తగ్గును. ఆ కాలమున చివరగా తిన్నదేదియో దానికి కీర్తి దక్కును. వెళ్లువారు వెళ్లవచ్చును గాని, జేబులోని మందును మాత్రము మైదానమున వదలి రారాదు. ఆ రద్దీలో, ఎండలో ఆయాసము వచ్చినచో అక్కరకు వచ్చునది అదియే.

పాతమందులన్నియు వ్యర్థమని మా అభిప్రాయము కాదు. ఉమ్మెత్త ఆకుల పొగ పీల్చుట మన దేశమున ఉబ్బసమునకు చాలకాలముగా ఉన్న వాడుక. 1802 ప్రాంతమున మదరాసు నుండి ఒక సైనికాధికారి దానిని ఇంగ్లండుకు కొనిపోయెను. అందులోని సారమునకు జ్ఞాతియైన ఇప్రాట్రోపియం నేడు ఆసుపత్రులలో వాడుచున్నారు. కాని ఉమ్మెత్త విషము. మోతాదు తెలియక వాడిన మతిభ్రమ, మరణము సంభవించును. కనుక శుద్ధి చేసి తూచిన దానినే వాడుట క్షేమము.

ఆయాసము ఉద్ధృతమైనపుడు చేయవలసినది ఇంటిల్లిపాదికి తెలిసి యుండవలెను. రోగిని పడుకొనబెట్టరాదు, నిటారుగా కూర్చుండబెట్టి, చుట్టుమూగినవారిని తొలగించి, బిగుతు బట్టలు వదులు చేయవలెను. సాల్‌బ్యుటమాల్ డబ్బాను స్పేసరుతో ఒక్కొక్కటిగా నాలుగు మార్లు పీల్పించవలెను. నాలుగు నిమిషములలో గుణము కనబడనిచో మరల నాలుగు మార్లు ఇచ్చి, ఆలస్యము చేయక 108కి ఫోను చేయవలెను. వాహనము వచ్చువరకు ఇట్లే ఇచ్చుచుండవలెను. వాక్యము పూర్తిచేయలేకుండుట, పెదవులు నీలివన్నెకు తిరుగుట, ప్రక్కటెముకల నడుమ చర్మము లోనికి పోవుట, మగతగా నుండుట మరణసూచనలు. వీటికంటె మోసకరమైనది మరియొకటి: అంతవరకు గట్టిగా వినవచ్చిన పిల్లికూత హఠాత్తుగా ఆగిపోవుట. రోగి ఇంకను ఎగరోజుచు, కూత మాత్రము లేకున్నచో అది తగ్గినట్లు కాదు. గాలియే కదలుట లేదన్నమాట.

పిల్లల తల్లిదండ్రులు బడి ఉపాధ్యాయునికి సంగతి చెప్పి, మందు బడిలో ఒకటి ఉంచవలెను. ఆటలు మానిపించుట అవసరము లేదు. ఆటకు ముందు కొంతసేపు మెల్లగా పరుగెత్తి ఒడలు వేడి చేసికొన్నచో చాలును. ఆడపిల్లల విషయమున మాత్రము ఒక కఠినమైన మాట చెప్పక తప్పదు. సంబంధము చెడునను భయముతో వ్యాధిని దాచి వివాహము చేయుదురు. క్రొత్త కోడలు మందును ట్రంకుపెట్టె అడుగున దాచి, అత్తగారు చూచునేమోనని పీల్చక, కట్టెపొయ్యి ముందు దగ్గుచు పని చేయును. ఆమె ప్రాణము కంటె ఏ సంబంధమును గొప్పది కాదు. అత్తవారును, మధుమేహమునకు మాత్ర వేసికొనుట యెంతో ఇదియు అంతేయని గ్రహించినచో ఈ దాపరికము పోవును.

మొదట చెప్పిన కార్మికుని మరచిపోలేదు. రంగులు చిమ్ము పనిలోని ఐసొసయనేటులు, రొట్టెల బట్టీలలోని పిండి, రంపపు పొట్టు, మందుల పొడులు, లోహమునతుకు పొగ మున్నగునవి కొందరిలో ఉబ్బసమును క్రొత్తగా పుట్టించును. ఇట్టిది వృత్తిజన్య ఉబ్బసము. మన దేశపు కార్మిక నష్టపరిహార చట్టములలోని వృత్తివ్యాధుల పట్టికలో ఇది చేరియున్నది. కావున ఇది యజమాని దయాధర్మము కాదు, హక్కు. దీనిని నిరూపించుటకు సులువైన సాధనము పీక్ ఫ్లో మీటరు. చేతిలో ఇమిడెడు ఈ గొట్టములోనికి బలముగా ఊదినచో ఊపిరి వేగమెంతయో ముల్లు చూపును. పనికి పోవు దినములలోను, సెలవు దినములలోను నాలుగేసి మార్లు ఊది అంకెలు వ్రాసికొని, రెండు మూడు వారముల చీటీని వైద్యునికి చూపవలెను. పనిదినములలో అంకె పడిపోయి సెలవులలో లేచినచో వేరే సాక్ష్యము వెదకనక్కరలేదు. తొందరగా గుర్తించి ఆ పొడికి దూరమైన వారిలో పలువురకు వ్యాధి తగ్గుముఖము పట్టును. ఏండ్లు గడచిన పిదప పని మానినను పోకపోవచ్చును. అయినంత మాత్రమున ఉద్యోగము వదలి ఊరికి పరుగెత్తనక్కరలేదు. అదే కర్మాగారమున వేరొక విభాగమునకు మార్చుమని వైద్యుని పత్రముతో అడుగవచ్చును. ముక్కుకు కట్టిన చేతిరుమాలు సన్నని ధూళిని ఆపదని కూడ తెలిసికొనవలెను.

రాజ్యబీమా చీటీ ఉన్న కార్మికులకును వారి కుటుంబములకును నాచారములోనే ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి కలదు. చీటీ లేనివారికి 2018 నుండి నగరమున నెలకొల్పిన బస్తీ దవాఖానాలును, పెద్ద పరీక్షలకు ఎఱ్ఱగడ్డలోని ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రియు ఉన్నవి. గ్రామములలోనివారు తమ ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున అడుగవచ్చును. వెళ్లునపుడు వాడుచున్న డబ్బాను వెంట తీసికొనిపోయి, వైద్యుని ఎదుటనే ఒకసారి పీల్చి చూపి, సరిగా పీల్చుచున్నదీ లేనిదీ చెప్పుమని అడుగవలెను.